బోకా జూనియర్స్ మ్యాచ్‌కి వెళ్దామనుకునేవాళ్లకి: టికెట్టు దగ్గర్నుంచి తిరిగి రూమ్‌కి చేరేదాకా

ఎలాగూ అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిర్స్ వెళ్తున్నాం కదా, పనిలో పనిగా అక్కడి ఫుట్‌బాల్ క్లబ్ బోకా జూనియర్స్ మ్యాచ్ ఒకటి చూసేద్దాం అని చాలామంది అనుకుంటారు, అక్కడే తేడా కొడుతుంది. ఈ మ్యాచ్ ట్రిప్‌లో ఎక్కడో ఓ చోట ఇరికించేది కాదండి, ముందు మ్యాచ్ పట్టుకుని దాని చుట్టూ ట్రిప్ పెట్టుకోవాలి. ఎందుకంటే బోకా టికెట్లు బయట జనానికి అమ్మకానికి రావడమనేది దాదాపు ఉండదు. బుక్‌మైషోలో సీటు నొక్కి డబ్బు కట్టే యవ్వారం కాదు, పెద్ద హీరో బెనిఫిట్ షో టికెట్లు కౌంటర్ మొహం చూడకుండానే అభిమాన సంఘాల చేతుల్లో ఎలా అయిపోతాయో అచ్చం అలా.

లెక్క చూస్తే మీకే అర్థమవుతుంది. క్లబ్బుకి మెంబర్లు మూడు లక్షలకి పైనే, వాళ్లని సోసియోలు అంటారు. స్టేడియంలో పట్టేదేమో యాభై వేల చిల్లర. మెంబర్లలో మళ్లీ రెండు రకాలు, ఆక్టివోలు, అడెరెంతెలు. అడెరెంతె అంటే నెలనెలా చందా కడుతూ వెయిటింగ్ లిస్టులో ఉండేవాడు, ఆక్టివోల్లో ఖాళీలొస్తే పైకెక్కుతాడు, దానికి ఏళ్లకేళ్లు పడుతుంది. పోనీ ఆక్టివో అయిపోతే హాయా అంటే అదీ కాదు, సీజన్ పాస్ ఉన్నవాడికి సీటు ఖాయం, లేనివాడు ప్రతి మ్యాచ్‌కీ ముందు సోయ్‌సోసియో అనే క్లబ్ ఆన్‌లైన్ సిస్టమ్‌లో క్యూలో పడిగాపులు పడాలి. సో మీ చేతికి ఏ దారిలో టికెట్టు వచ్చినా సరే అది ఒక మెంబర్ సీటే, వాడు ఆ రోజు రావట్లేదు కాబట్టి మీరు వెళ్తున్నారు. ఇది బుర్రలో పెట్టుకుంటే కింద నేను చెప్పేవి సగం మీకే తట్టేస్తాయి.

ముందు ఒక సలహా, చాలామందికి నచ్చదు. సూపర్‌క్లాసికోకి వెళ్లకండి. అంటే అదే ఊళ్లో ఉండే, బోకాకి బద్ధ శత్రువైన రివర్ ప్లేట్ క్లబ్బుతో మ్యాచ్‌కి. ప్రపంచంలో చూడాల్సిన మ్యాచ్‌లు అని ప్రతి లిస్టులోనూ అదే పైన ఉంటుంది, అందుకే ప్రపంచమంతా దానికే ఎగబడుతుంది, రేటు మామూలు మ్యాచ్ కంటే ఎన్నో రెట్లు పలుకుతుంది, దొంగ టికెట్లు, పోలీసు చెకింగులు అన్నీ ఆ రోజే పీక్‌లో ఉంటాయి. పైగా అంత డబ్బు పోశాక మ్యాచ్ ఎలా ఉంటుందంటే రెండు టీములూ ఓడిపోతామేమో అని భయపడుతూ ఆడే మ్యాచ్‌లు బోలెడు. బోకా సొంత గ్రౌండ్‌లో లానూసో, బాన్‌ఫీల్డో, తాయెరెసో, అలాంటి వేరే టీమ్ ఏదైనా వచ్చిన ఆదివారం మ్యాచ్‌కి వెళ్లండి, స్టేడియం అప్పుడు కూడా ఫుల్లే, అరుపులు అప్పుడు కూడా అవే, ఇది నా అభిప్రాయం, కాదు మాకు రివరే కావాలి అంటే మీ ఇష్టం మీ జేబు.

ఇక డేట్లు. అర్జెంటీనా లీగ్ అక్కడి ఎండాకాలం చివర్లో, అంటే జనవరి ఆఖర్లోనో ఫిబ్రవరిలోనో మొదలై డిసెంబర్ దాకా నడుస్తుంది, మధ్యలో జూన్-జూలైలో ఒక గ్యాప్. 2025 నుంచి మళ్లీ అపెర్తూరా, క్లౌసూరా అని ఏడాదికి రెండు టోర్నమెంట్లు చేశారు, ముప్పై టీములు, రెండు గ్రూపులు. ఏ వారం ఎవరితో అనేది ముందే తెలుస్తుంది కానీ ఏ రోజు ఏ టైమ్ అనేది దగ్గరికొచ్చాక గానీ ఖాయం కాదు, టీవీ వాళ్ల సౌకర్యం బట్టి శుక్రవారం నుంచి సోమవారం దాకా ఎప్పుడైనా పెట్టేస్తారు. అందుకని ఆదివారం మ్యాచ్ ఉందట అని శనివారం దిగి సోమవారం పొద్దున ఫ్లైట్ బుక్ చేసుకోకండి. గురువారం రాత్రికల్లా సిటీలో ఉండి మంగళవారం దాకా కదలకుండా ఉంటే సేఫ్. ఇంకో తెలివైన పని, ఆ ఏడాది బోకా కోపా లిబెర్తదోరెస్‌లో, అంటే దక్షిణ అమెరికా క్లబ్బుల పెద్ద కప్పులో ఉంటే గ్రూప్ మ్యాచ్ ఏదైనా పట్టుకోవడం, ఎందుకంటే అవి దక్షిణ అమెరికా ఫుట్‌బాల్ సంఘం కాన్‌మెబోల్ చేతిలో ఉంటాయి, డేట్లు టైములు చాలా ముందే ఇచ్చేస్తారు, మామూలుగా మంగళ, బుధ, గురువారాల్లో రాత్రి మ్యాచ్‌లు. బోకా ఆ కప్పు ఆరుసార్లు కొట్టింది, 1977, 78, 2000, 2001, 2003, 2007. ఏడోది వాళ్లకి పిచ్చి. 2023లో ఫైనల్ దాకా వెళ్లి రియోలో బ్రెజిల్ టీమ్ ఫ్లుమినెన్సె చేతిలో 2-1 ఓడిపోయారు. ఆ కప్పు రాత్రుల్లో వాతావరణం లీగ్ మ్యాచ్ కంటే ఇంకో మెట్టు పైనే ఉంటుంది.

టికెట్టు ఎలా దొరుకుతుందంటే ప్రాక్టికల్‌గా రెండు దారులు. ఒకటి, అక్కడ మీకు తెలిసినవాళ్లలో ఎవరైనా మెంబర్ ఉండటం, ఆఫీస్ కొలీగో, మీరు దిగే ఇంటి ఓనరో, మొహమాటపడకుండా అడగండి, ఆ ఊళ్లో ఫుట్‌బాల్ గురించి అడిగితే విసుక్కునేవాడు అరుదు. రెండోది ఏజెన్సీ. హోటల్ నుంచి బండిలో తీసుకెళ్లి, గైడ్‌ని ఇచ్చి, లోపల పక్కనే కూర్చోబెట్టి తిరిగి దింపేస్తారు. మామూలు మ్యాచ్‌కే మూడంకెల డాలర్లు అడుగుతారు, మెంబర్ కట్టేదానితో పోలిస్తే అన్యాయమే కానీ ఫస్ట్ టైమ్ వెళ్లేవాడికి నేను ఇదే చెప్తా. మూడో దారి ఒకటుంది, మ్యాచ్ రోజు స్టేడియం చుట్టుపక్కల గొణుగుతూ తిరిగేవాళ్ల దగ్గర కొనడం. ఒద్దు. అంతే.

ఏజెన్సీతో మాట్లాడేటప్పుడు నాలుగు విషయాలు ముందే గట్టిగా అడిగేయండి, వాట్సాప్‌లో రాయించుకోండి కూడా. లోపలికి వెళ్లడానికి నాకు ఏమిస్తారు, నా పేరు మీద క్యూఆరా లేక ఇంకొకళ్ల మెంబర్ కార్డా? చాలా చోట్ల ఇచ్చేది కార్డే, దాన్ని గేట్ దాటాక లేదా మ్యాచ్ అయ్యాక తిరిగి ఇచ్చేయాలి, పోగొడితే ఫైన్ వేస్తామంటారు. ఇలా కార్డు అరువివ్వడం రూల్ ప్రకారం కుదరదు, చెకింగ్ టైట్‌గా ఉన్న రోజు గేట్ దగ్గర ఆపేస్తే మీరు చేసేదేం ఉండదు, కాబట్టి రెండో ప్రశ్న, గేట్ దగ్గర ఆపేస్తే డబ్బు వెనక్కిస్తారా. మూడోది, మ్యాచ్ డేట్ మారితే ఏంటి సంగతి. నాలుగోది సీటు ఎక్కడ, ప్లాతెయా లోనా పోపులర్ లోనా. ఈ నాలుగోదానికి "డోంట్ వర్రీ మై ఫ్రెండ్" అని మాత్రమే జవాబు వస్తే ఇంకో ఏజెన్సీని చూస్కోండి.

ప్లాతెయా అంటే కూర్చునే సీట్లు, పోపులర్ అంటే గోల్ పోస్టుల వెనక నిలబడే మెట్లు. ఇక్కడ స్టేడియం కట్టిన తీరు కొంచెం చెప్పాలి, లేకపోతే సీటు సంగతి అర్థం కాదు. అసలు పేరు అల్బెర్తో హోసె అర్మాందో స్టేడియం, ఆ పేరుతో ఎవరూ పిలవరు, అందరికీ లా బొంబొనేరా. 1940 మే 25న ఓపెన్ అయింది. చుట్టూ వీధులు, ఒక పక్క రైలు పట్టాలు, ఉన్న జాగా చిన్నది, దాంతో మూడు వైపులా మూడేసి అంతస్తులు నిట్టనిలువుగా లేపారు, నాలుగో వైపు జాగా సరిపోక గోడలాగా తిన్నగా కట్టి బాక్సులు పెట్టారు, వాటిని పాల్కోలు అంటారు, మారడోనాకి కూడా అక్కడ ఒక బాక్స్ ఉండేది. పైనుంచి చూస్తే ఇంగ్లిష్ డి అక్షరం షేపు. స్టాండ్లు ఎంత నిటారు అంటే పై అంతస్తులో ముందు వరసలో నిలబడితే మైదానం కాళ్ల కింద ఉన్నట్టుంటుంది, ఎత్తు అంటే భయం ఉన్నవాళ్లు ఇది సీరియస్‌గా తీస్కోండి. సౌండ్ బయటికి పోదు, ఆ గోడకి కొట్టుకుని మళ్లీ మీ మీదకే వస్తుంది. యాభై వేలమంది ఒక లయలో ఎగిరినప్పుడు కాళ్ల కింద కాంక్రీటు కదలడం నిజంగానే తెలుస్తుంది, మొదటిసారి గుండె జారుతుంది, పక్కవాళ్లు మాత్రం నవ్వుతారు, బొంబొనేరా వణకదు, గుండెలా కొట్టుకుంటుంది అని వాళ్ల మాట.

సో నా ఓటు ప్లాతెయా మధ్య అంతస్తుకి. ఆట కనిపిస్తుంది, గోల్ వెనక జనం చేసే హంగామా కూడా కనిపిస్తుంది. పోపులర్‌లో ఉంటే ఆ హంగామాలో భాగం అవుతారు కానీ మ్యాచ్ సగం కనబడదు, జెండాలు అడ్డం, ముందువాడు పక్కవాడి భుజాలెక్కి ఉంటాడు, గోల్ పడితే మీరున్న చోటు నుంచి అయిదారు మెట్లు కిందకి కొట్టుకుపోతారు. ఆ మధ్యలో డ్రమ్ములతో ఉండే గుంపు లా దోసె, అంటే పన్నెండో ఆటగాడు. ఆ పేరు వెనక 1925 కథ ఉంది, క్లబ్ యూరప్ టూర్‌కి వెళ్లినప్పుడు విక్టోరియానో కఫరేనా అనే అభిమాని టీమ్‌తోపాటే వెళ్లి వాళ్ల పనులన్నీ చూసిపెడితే ఆటగాళ్లు అతన్ని పన్నెండో ఆటగాడు అన్నారు. ఇప్పటి లా దోసె అంత ముచ్చటైన విషయం కాదు, అది బార్రా బ్రావా, అంటే రౌడీ అభిమానుల ముఠా, పార్కింగ్ నుంచి టికెట్ల దాకా దందాలు, లోపల్లోపల తగాదాలు, కోర్టు కేసులు. వాళ్లు కిక్‌ఆఫ్‌కి కొంచెం ముందు డ్రమ్ములు కొట్టుకుంటూ లోపలికొస్తారు, అప్పుడు స్టేడియం మొత్తం స్విచ్ వేసినట్టు లేస్తుంది, చూడండి, వినండి, కానీ దగ్గరికెళ్లి వాళ్ల మొహాల మీద ఫోన్ పెట్టి వీడియో తీయకండి.

మ్యాచ్ రోజు వేసుకునే బట్టలు. నీలం, పసుపు ఉంటే మంచిది, లేకపోతే ప్లెయిన్‌గా ఏదైనా. ఎరుపు-తెలుపు కలిపి మాత్రం ఒద్దు, అది రివర్ రంగు. ఆ పట్టింపు ఏ లెవెల్ అంటే ఈ స్టేడియంలో కోకా కోలా బోర్డు కూడా ఎరుపు తెలుపులో కాకుండా నలుపు తెలుపులో పెట్టారు. పసుపే కదా అని సీఎస్‌కే జెర్సీ తగిలించుకెళ్లినా ఎవడూ ఏమీ అనడు లెండి, ఏ టీమ్ అని మాత్రం అడుగుతారు. ఈ నీలం-పసుపు ఎక్కడిది అంటే, 1905 ఏప్రిల్ 3న ఇటలీలోని జెనోవా నుంచి వలసొచ్చిన కుటుంబాల కుర్రాళ్లు క్లబ్ పెట్టారు, మొదట్లో రంగులు కుదరక, రేవులోకి వచ్చే తర్వాతి ఓడ జెండా రంగు పెట్టుకుందాం అనుకుంటే స్వీడన్ ఓడ వచ్చిందట, ఆ ఏరియాలో ఎవర్నడిగినా చెప్పే కథ ఇదే. జెనోవా వాళ్లు కాబట్టే క్లబ్బుకి షెనెయిసె అన్న పేరు.

జేబులో ఏమేం పెట్టుకోవాలంటే గుర్తింపు కోసం పాస్‌పోర్టు, కాస్త క్యాష్, ఫోను, అంతే. స్టేడియంలోకి రానివ్వకూడదని నిషేధం ఉన్నవాళ్లని పట్టుకోవడానికి గేట్ల దగ్గర ఐడీలు చెక్ చేస్తారు. బెల్టు, లైటరు, పవర్‌బ్యాంకు, పెద్ద బ్యాగు లాంటివి రూమ్‌లో వదిలేయండి, ఆపితే వాటిని దాచిపెట్టే చోటు అక్కడుండదు. ఖరీదైన వాచీ, మెడలో గొలుసు కూడా రూమ్‌లోనే. ఒకదాని తర్వాత ఒకటి రెండు మూడు చెకింగులు ఉంటాయి, ముందువాళ్లు చేతులు పైకెత్తితే మీరూ ఎత్తండి.

వెళ్లడం. లా బోకా ఏరియాకి మెట్రో లేదు, 29, 64, 152 నంబర్ బస్సులు వెళ్తాయి, బస్సు చార్జీ కట్టడానికి సూబె అనే కార్డు ఉంటే మంచిది. ఏజెన్సీతో వెళ్తే ఈ గొడవ లేదు. స్టేడియం అడ్రస్ బ్రాండ్‌సెన్ 805, టూరిస్టులు ఫోటోలు దిగే రంగురంగుల కమినీతో వీధి అక్కడికి నాలుగైదు వీధుల దూరమే. పగలు కమినీతో చుట్టుపక్కల తిరగండి బాగుంటుంది, ఆ రెండు మూడు వీధులు దాటి లోపలికి ఫోన్ పట్టుకుని షికారుకి పోకండి, అది పేద ఏరియా, జేబుదొంగతనాలు మామూలు, చీకటి పడ్డాక అసలే ఒద్దు. మ్యాచ్‌కి రెండు గంటల ముందైనా చేరిపోండి, పోలీసు లైన్లు వేసి వీధులు మూసేస్తారు, మీ గేట్‌కి వెళ్లే వీధి ఏదో అదే వీధిలోంచి వెళ్లాలి, తప్పు వైపు వస్తే చుట్టూ తిరగమంటారు.

తిండి సంగతి, మనవాళ్ల మొదటి డౌటు. వీధి పొడుగునా నిప్పుల మీద చోరిపాన్ కాలుస్తుంటారు, సాసేజ్‌ని నిలువుగా చీల్చి బన్నులో పెట్టి పైన చిమిచుర్రి వేసిస్తారు, కారం ఉండదు, వెల్లుల్లి వెనిగర్ ఘాటు ఉంటుంది, మామూలుగా పోర్కు, బీఫు రెండూ కలుస్తాయి కాబట్టి తిననివాళ్లు చూస్కోండి. వెజ్ వాళ్లు మ్యాచ్‌కి ముందు అల్మిరాంతె బ్రౌన్ రోడ్డు మీద బాంచేరో అనే పిజ్జా హోటల్‌కి వెళ్లండి, 1932 నుంచి ఉంది, ఉల్లిపాయలు చీజ్ దట్టించిన ఫుగస్సా తీస్కుని దానిమీదకి ఒక ముక్క ఫైనా అడగండి. ఫైనా అంటే శనగపిండి, నీళ్లు, నూనె కలిపి ఓవెన్‌లో కాల్చే పల్చటి రొట్టె, ఇదీ జెనోవా వాళ్లు తెచ్చిందే, పిజ్జా ముక్క మీద ఫైనా ముక్క పెట్టుకుని కలిపి కొరకడం అక్కడి పద్ధతి. మిరియాల పొడి టేబుల్ మీద ఉంటుంది, వేస్కోండి. స్టేడియం లోపల మందు అమ్మరు, బయట ఫెర్నెట్-కోక్ కట్ చేసిన ప్లాస్టిక్ బాటిళ్లలో తిరుగుతుంటుంది, ఎవరైనా ప్రేమగా ఒక గుక్క ఇస్తే ముందే చెప్తున్నా, కషాయం లాగా చేదు.

లోపలికెళ్లాక చేయాల్సింది పెద్దగా ఏం లేదు, పక్కవాళ్లు లేస్తే లేవండి, ఎగిరితే ఎగరండి, పాటలు రాకపోతే చప్పట్లు కొట్టండి. టీమ్ బయటికొచ్చేటప్పుడు కాగితం ముక్కల వర్షం కురుస్తుంది, ఆ రెండు నిమిషాలు ఫోన్ తీస్కోండి, తర్వాత లోపల పెట్టేయండి, ఆట నడుస్తుండగా సెల్ఫీలు తీసేవాడిని అక్కడివాళ్లు ఓ చూపు చూస్తారు. ఎదుటి టీమ్ గోల్ వేస్తే నోరెత్తకండి, అందం చూసి ఆహా అనిపించినా సరే. 2013 నుంచి అర్జెంటీనాలో లీగ్ మ్యాచ్‌లకి ఎదుటి టీమ్ ఫ్యాన్స్‌ని రానివ్వడం ఆపేశారు, 2025లో కొన్ని మ్యాచ్‌లకి మళ్లీ మొదలుపెట్టారు కానీ మీ చుట్టూ ఉండేది మాత్రం బోకా జనమే. మాట కలిస్తే రికెల్మె గురించి అడగండి, అతను ఇప్పుడు క్లబ్ ప్రెసిడెంటు, 2023 డిసెంబర్ ఎన్నికల్లో గెలిచాడు, ఆటగాడిగా దేవుడు అనేవాళ్లలోనే ప్రెసిడెంట్‌గా తిట్టేవాళ్లు కూడా దొరుకుతారు, అరగంట టైమ్‌పాస్ గ్యారంటీ. పలేర్మో 236 గోల్స్‌తో క్లబ్ టాప్ స్కోరర్, 2000లో టోక్యోలో రియల్ మాడ్రిడ్ మీద మొదటి ఆరు నిమిషాల్లో రెండు గోల్స్ కొట్టాడు, అది అడిగితే ఇంకా ఖుషీ. 2011లో రివర్ సెకండ్ డివిజన్‌కి పడిపోయింది, బోకా ఎప్పుడూ పడలేదు, ఆ టాపిక్ మీరు ఎత్తక్కర్లేదు వాళ్లే ఎత్తుతారు. 2018 డిసెంబర్‌లో లిబెర్తదోరెస్ ఫైనల్ మాడ్రిడ్‌కి తీస్కెళ్లి ఆడితే రివర్ 3-1 గెలిచింది, అదొక్కటి మాత్రం ఎత్తకండి.

మ్యాచ్ అయిపోగానే తోసుకుంటూ దిగకండి, మెట్లు ఇరుకు, పదిహేను నిమిషాలు కూర్చుని దిగితే ప్రాణం హాయి. బయట యాప్ క్యాబులు స్టేడియం దగ్గరికి రావు, బుక్ అయినా డ్రైవర్ క్యాన్సిల్ చేసేస్తాడు. జనం ఎటు పోతే అటు, అల్మిరాంతె బ్రౌన్ రోడ్డు పట్టుకుని పార్కె లెసామా వైపు నడిచి అక్కడ క్యాబ్ ఎక్కండి. అందరూ వెళ్లిపోయి వీధి ఖాళీ అయ్యేదాకా మాత్రం ఆగొద్దు, జనంతో ఉన్నంతసేపే సేఫ్.

టికెట్టు దొరకలేదా, లేక మీ డేట్లలో హోమ్ మ్యాచ్ లేదా, ఖాళీ చేతుల్తో రావక్కర్లేదు. స్టేడియంలోనే మ్యూజియం ఉంది, 2001లో పెట్టారు, దాంతోపాటు స్టేడియం టూర్ తీస్కోవచ్చు, మ్యాచ్ ఉన్న రోజుల్లో టైములు మారతాయి కాబట్టి ముందు చూస్కుని వెళ్లండి. ఇంకొకటి ఎవరూ చెప్పరు, బోకాకి బాస్కెట్‌బాల్ టీమ్ కూడా ఉంది, స్టేడియానికి దగ్గర్లోనే బొంబొనెరీతా అనే చిన్న ఇండోర్ స్టేడియంలో ఆడతారు, అక్కడికి కూడా డ్రమ్ములతోనే వస్తారు. అమెరికాలో ఉండేవాళ్లు క్లబ్ ఆ వైపు టూర్లకి వచ్చినప్పుడు కన్నేసి ఉంచండి, 2025 జూన్ క్లబ్ వరల్డ్ కప్‌లో మయామిలో బెన్‌ఫికాతో, బయర్న్‌తో ఆడినప్పుడు ఆ బీచ్ మొత్తం నీలం పసుపే, స్టేడియం కూడా వాళ్లదే. ఆట మాత్రం అంతంతే, నాష్‌విల్‌లో ఆక్లండ్ సిటీతో కూడా డ్రా చేసుకుని ఇంటికెళ్లారు.

ఇంట్లోంచి చూసేవాళ్లకి టైమ్ లెక్క, బ్యూనస్ ఎయిర్స్ మనకంటే ఎనిమిదిన్నర గంటలు వెనక. అక్కడ రాత్రి తొమ్మిదిన్నర మ్యాచ్ అంటే మనకి మర్నాడు పొద్దున ఆరు, సాయంత్రం అయిదు మ్యాచ్ అంటే అర్ధరాత్రి ఒకటిన్నర.

కాగితాల సంగతి చివర్లో చెప్తున్నా కానీ చేయాల్సింది ముందు. ఇండియన్ పాస్‌పోర్టుకి అర్జెంటీనా వీసా కావాలి, అమెరికా టూరిస్ట్ వీసా చేతిలో ఉన్నవాళ్లకి 2025లో సడలింపు ఇచ్చారు, ఈ రూల్స్ మారుతుంటాయి కాబట్టి ఎంబసీ సైట్ చూసి కన్ఫర్మ్ చేస్కోండి. డైరెక్ట్ ఫ్లైట్ లేదు, గల్ఫ్ మీదుగానో ఆడిస్ అబాబా, ఇస్తాంబుల్ మీదుగానో వెళ్లే వాటిలో చాలావరకు బ్రెజిల్‌లో ఆగుతాయి. ఇక్కడో మెలిక ఉంది, ఎల్లో ఫీవర్ ఉన్న దేశాల లిస్టులో మన ప్రభుత్వం బ్రెజిల్‌నీ అర్జెంటీనానీ కూడా పెట్టింది, అక్కడినుంచి వచ్చేవాళ్లకి టీకా సర్టిఫికెట్ లేకపోతే దిగగానే క్వారంటైన్‌లో పెట్టొచ్చు. టీకా వేయించుకున్న పది రోజుల తర్వాత గానీ ఆ సర్టిఫికెట్, అంటే పసుపు రంగు కార్డు, చెల్లదు, హైదరాబాద్‌లో అయితే నారాయణగూడలో ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) లో వేస్తారు, ముందు కనుక్కుని వెళ్లండి. ఆ కార్డుని చెక్-ఇన్ బ్యాగ్‌లో పడేయకుండా పాస్‌పోర్టుతోపాటే పెట్టుకోండి, శంషాబాద్‌లో ఇమిగ్రేషన్ కంటే ముందు హెల్త్ డెస్క్ దగ్గరే అడుగుతారు.